ముఖాలు లేని సినిమా

సైలస్ వచ్చేసరికి నిర్మల చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని తొట్టెలో కాఫీ గింజలు తొక్కుతోంది.

నిన్న పల్పర్‌లో పళ్ళ తొక్క తీసి నానేసిన గింజలవి. వాటి జిగురు వదలాలంటే చెయ్యి చాలదు, కాలే కావాలి. మడమతో తొక్కి, వేళ్ళతో తిప్పి, మళ్ళీ మడమతో తొక్కాలి. డిసెంబరు నీళ్ళు. అరికాళ్ళు మొద్దుబారిపోయాక గాని గింజ గరగరమనదు, గరగరమంటే జిగురు వదిలినట్టు. ఇంకా అనలేదు. గట్టుమీద కూర్చుని నిర్మల తల్లి అసిరమ్మ పైకి తేలిన తాలు గింజల్ని జల్లెడతో తీస్తోంది.

సైలస్ బండిని సిల్వరోక్ చెట్టుకింద పెట్టి, బూట్లకి బురద అంటకుండా రాళ్ళమీద అడుగులేసుకుంటూ వచ్చాడు. అరకులో మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. డాలీకి అన్న. డాలీ పోయాక కొండమీది పనసగుడకి ఎక్కి రావడం ఇదే మొదలు.

"నిర్మలా, శనివారానికి డాలీ పోయి ఏడాది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం."

"తెలుసు మాస్టారూ."

తెలియకేం! ఆ ఏడాదిలో ఒక్కో రోజునీ మెడపట్టి గెంటినట్టు గెంటుకుంటూ వచ్చిన మనిషి, రోజు తెలియకుండా ఉంటుందా?

"మా దగ్గర దాని వీడియో ఒక్కటి లేదు," అన్నాడు సైలస్. "ఫొటో అంటే ఆధార్ కార్డుదే. పెద్దది చేయిస్తే ఎవరో దొంగని పట్టుకొచ్చి నిలబెట్టినట్టుంది. ఈ లోయలో ఎన్ని పెళ్ళిళ్ళు తీసింది అది! అది పనిచేసిన రవిబాబు స్టూడియోలో రెండ్రోజులు కూర్చుని అన్నీ వెతికాను. పెళ్ళికూతుళ్ళే. అది కెమెరా వెనకాలే ఉండిపోయింది. అమ్మ ఒక్కసారి దాని మొహం చూడాలంటోంది, గొంతు వినాలంటోంది. ఏడాదిగా అదే మాట. ఇక్కడ నీ దగ్గర ఏదో సినిమా తీసేదట కదా?"

"అందులో మొహాలుండవు."

"మొహాల్లేని సినిమా ఏమిటి?"

నిర్మల కాళ్ళు ఆపలేదు. అదే మాట తను డాలీని ఎన్నిసార్లు అడిగిందో. సైలస్ అసిరమ్మ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఏం తీసిందో నేను అడగను. నాకు తెలుసుకోవాలనీ లేదు. అమ్మ కోసం ఒక్క ముక్క ఉంటే ఇయ్యి. మిగతాది చెరిపెయ్యడం మంచిది. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది. పోయినదాని పరువు మన చేతుల్లోనే ఉంది."

ఏడాది మొత్తంమీద మొదటిసారి 'మన' అన్నాడు. అదీ చెరిపెయ్యడానికి.

"ఏటీ లేదు మాస్టారూ. ఉంటే ఇవ్వనా?" అంది నిర్మల.

ఏదన్నా దొరికితే శుక్రవారంలోగా ఫోన్ చెయ్యమని చెప్పి అతను మళ్ళీ రాళ్ళమీద అడుగులేసుకుంటూ వెళ్ళిపోయాడు. బండి చప్పుడు మలుపు తిరిగేదాకా ఆగి అసిరమ్మ జల్లెడ కింద పెట్టింది.

"ఉన్నదాన్ని లేదంటావేటే?"

"ఉందని నీకెవలు సెప్పినారు?"

"ఆ పెట్టిని పసిపిల్లని సుట్టినట్టు నా పాత చీరలో సుట్టి దాసినావు. నాకు కళ్ళు లేవనుకున్నావా?"

"ఆల కోసం నానెందుకివ్వాల అమ్మా? ఆ రోజు గుప్పెడు మన్ను ఎయ్యనిచ్చినారా నన్ను?"

అసిరమ్మ మళ్ళీ జల్లెడ అందుకుంది. ఆ రోజు ఆవిడా అక్కడే ఉంది, సమాధుల గోడకి ఇవతల. లోపల గొయ్యి దగ్గర వరసలో నిర్మల కూడా నిలబడింది, గుప్పిట్లో మట్టితో. ఆసుపత్రిలో మూడు రోజులు ఆ జ్వరం పక్కన కూర్చున్నది ఆ గుంటే, తన కూతురే. తల తుడిచింది ఆ గుంటే. తీరా గొయ్యి అంచుకి వచ్చేసరికి డాలీ తల్లి దెబోరా టీచరు ఆమె మణికట్టు పట్టుకుంది. "ముందు ఇంటివాళ్ళమ్మా. స్నేహితులు తరవాత," అంది. తిట్టలేదు, కసరలేదు. బడిలో వరస తప్పిన పిల్లని పక్కకి జరిపినట్టు జరిపింది. ఇంటివాళ్ళందరూ అయ్యేసరికి పారలవాళ్ళు దిగారు. నిర్మల ఆ మట్టి గుప్పిట్లో పట్టుకునే ఘాట్‌రోడ్డెక్కి ఇంటికొచ్చింది.

తొట్టెలో గింజ గరగరమంది. ఇద్దరూ కలిసి బుట్టలకెత్తారు.

పొద్దు వాలేవేళ మంచు పడకుండా ఎండబెట్టిన గింజల్ని కుప్పచేసి టార్పాలిన్ కప్పుతుంటారు. సరిగ్గా ఆ వేళకే ఇంటి కుక్క లేచి చూరుకింద చేరుతుంది. అక్కడ ఎవరూ ఉండరు. అది తోకాడిస్తుంది. అసిరమ్మ గొణుక్కుంటూ వెళ్ళి చూరుకింద ఆకులో గుప్పెడన్నం పెడుతుంది. ఏడాదిగా ఇదే తంతు.

"నోపలికి రాదు, పోనూపోదు. గొంతెత్తి అడగనూ అడగదు. ఓలమ్మో, ఎన్నాళ్ళని నిలబడతావే తల్లీ అక్కడ?"

ఈ కొండలమీద చనిపోయినవాళ్ళని అలా వదిలెయ్యరు. మనిషి నీడని డూమ అంటారు. ఇంటి పెద్ద మనిషి పూడ్చిన చోటికి వెళ్ళి, పేరుపెట్టి పిలిచి, అక్కడి రాయొకటి తెచ్చి ఇంట్లో పొయ్యి పక్కన చోటిస్తేనే ఆ నీడకి నిలకడ. కోడలు పోతే అత్తింటివాళ్ళే పిలుచుకోవాలి. అయితే దానికి ముందు పుట్టింటివాళ్ళు వచ్చి, పిల్లని మీ ఇంటికి ఇచ్చామని మరొక్కసారి చెప్పాలి. ఆ మాట పడందే ఎవరూ పిలవరు.

డాలీని ఎవరు పిలుస్తారు? పుట్టింటివాళ్ళకి ఈ నమ్మకాల్లేవు. వాళ్ళ లెక్కలో ఆమె ప్రభువు దగ్గర ఉంది. ఈ ఇంటికి ఆమెని ఎవరూ ఇవ్వలేదు. పదమూడేళ్ళ కిందట ఇద్దరూ చీరలు మార్చుకుని నేస్తం కట్టిన మాట నిజమే. నేస్తం కడితే ఈ చుట్టుపక్కల చుట్టాలకింద లెక్క, పెళ్ళికీ చావుకీ పిలుపు ఉంటుంది. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకునే పన్నెండేళ్ళు ఒక పొయ్యిమీద వండుకున్నారు, ఒక దుప్పటి కప్పుకున్నారు. ఊరు గుచ్చి అడగలేదు, వీళ్ళు విప్పి చెప్పలేదు. కాని నేస్తాన్ని పొయ్యి పక్కకి పిలిచే ఆచారం లేదు. ఆ చోటు ఇంటి మనిషిది.

నిర్మలకి కుక్కకి కనబడ్డట్టు ఏమీ కనబడదు. వినబడుతుంది. డాలీకి కెమెరా పట్టుకున్నంతసేపూ ఊపిరి బిగబట్టే అలవాటు, చెయ్యి కదలకూడదని. ఆపాక ఒక్కసారి వదిలేది, హుఫ్ మని. ఆ వదిలిన ఊపిరి ఇప్పుడు కూడా నిర్మల మెడ వెనకాల తగులుతుంది. గింజలు తొక్కుతుంటే తగులుతుంది, అన్నం వారుస్తుంటే తగులుతుంది. ఎవరికి చెప్పుకుంటుంది? తిరిగి చూడకపోవడం నేర్చుకుంది, అంతే.

మర్నాడు పొద్దున్న గింజలు పరిచి, చీరలో చుట్టిన లాప్‌టాప్ పట్టుకుని నిర్మల పల్పర్ షెడ్డుకి వెళ్ళింది. కరెంటు అక్కడే నిలకడగా ఉంటుంది.

నాలుగేళ్ళ సినిమా. పళ్ళు కోసే నాలుగు చేతులు. చెమట పట్టిన మెడ, దానిమీద అంటుకున్న జుట్టు. దుప్పట్లోంచి బయటకొచ్చిన రెండు జతల అరికాళ్ళు, ఒక జత పగుళ్ళది, ఒక జత కానిది. వాన చూస్తున్న వీపులు. ఎక్కడా మొహం లేదు. మొదట్లో భయానికే అలా తీసింది డాలీ. తరవాత తరవాత అదే బాగుందంది. "మొహం చూపిస్తే ఎవరో ఇద్దరి కథ అయిపోద్ది నేస్తం. మొహం లేకపోతే చూసినోళ్ళు ఎవరి మొహం వాళ్ళు పెట్టుకుంటారు," అనేది.

"పాట లేదు, ఫైటు లేదు. ఇదేటి సినిమా?" అనేది నిర్మల.

"నీ తిట్లున్నాయి కదా. అవే పాటలు."

అన్నీ చూసినవే. చూడనిది ఒక్కటే, కెమెరాలోని ఆఖరి మెమరీ కార్డు. అది తీసిన రోజు డాలీ కెమెరా తెచ్చి నిర్మల చేతిలో పెట్టింది. "అన్నీ నేనే తీశాను. ఇవాళ నువ్వు నన్ను తియ్యి. మొహం కూడా తియ్యి. ఒక్కసారి చెప్పాల్సింది చెప్పేస్తాను," అంది. కాఫీ తోటలో మిరియాల తీగ పక్కన నిలబడి పావుగంట మాట్లాడింది. నిర్మలకి సిగ్గేసి మాటలు సగం చెవినపడలేదు. కెమెరాలో చూడ్డానికి కూడా మొహం చెల్లలేదు. తరవాత విందాంలే, రికార్డవుతోంది కదా అనుకుంది. ఆ సాయంత్రమే డాలీకి చలిజ్వరం తగులుకుంది. తరవాత అన్నది లేకపోయింది.

కార్డు పెట్టి నొక్కింది. నేల కనబడింది. ఎండుటాకులు, తన కాళ్ళు, ఊగుతున్న చీరకుచ్చెళ్ళు. రెండోది నొక్కింది. మళ్ళీ నేలే. మూడోదానిలో ఆకాశం, కొమ్మలు, దూరంగా డాలీ గొంతు: "అయిందా? మళ్ళీ మొదలెట్టనా?" అక్కడితో ఆఖరు. నాలుగోది నేల.

నిర్మలకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

ఆరేళ్ళుగా ఆమె చెయ్యి పల్పర్ మోటారు మీదే ఉంది. దానికి పచ్చ బటన్ నొక్కితే తిరుగుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. ఎరుపంటే ఆగడం. అది ఆమెకి చెయ్యి నేర్చిన చదువు. కెమెరాకి ఆ లెక్క తలకిందులు. ఎర్రచుక్క వెలిగితే ఆగిందనుకుంది, చుక్క ఆరిపోతే తిరుగుతోందనుకుంది. డాలీ మాట్లాడుతున్నంతసేపూ కెమెరా నిద్రపోయింది. అయిందని చెయ్యి దించిన ప్రతిసారీ లేచి నేలని తీసింది.

చెప్పాల్సింది చెప్పేస్తానంది. చెప్పేసింది కూడా. ఈ లోకంలో ఆ మాటలు వినడానికి ఉన్నది ఒక్క మనిషి, ఆ మనిషి సిగ్గుపడుతూ నిలబడింది. దేవుడా!

ఇంకొకటి మిగిలింది. చచ్చినట్టు దాన్నీ నొక్కింది.

గింజలు ఆరబెట్టే బల్ల. కెమెరాని ఆగిందనుకుని దానిమీద పెట్టేసినట్టుంది. దూరంనుంచి డాలీ నడిచి వస్తోంది, చున్నీతో మెడ తుడుచుకుంటూ. "ఏదీ, ఏటి తీసినావో చూడనీ." దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. తెర నిండా మొహం. కెమెరాకేసి వంగబోయి ఆగిపోయింది. కళ్ళెత్తి, కెమెరా వెనక నిలబడ్డ మనిషిని చూసింది. చూస్తూ ఉండిపోయింది. చెయ్యి చాచి, తెర అంచు దాటించి, అవతలి మనిషి చెంపమీద దేన్నో తుడిచింది. కాఫీ తొక్క అయి ఉంటుంది. నవ్వింది. హుఫ్ మని ఊపిరి వదిలింది. "ఇదేటి, ఎర్రగా వెలుగుతోంది? ఆపలేదా నువ్వు?" వేలు ముందుకొచ్చింది. చీకటి.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ నొక్కింది. అరగంటకోసారి కలపాల్సిన గింజలు ఎండలో అలాగే పడున్నాయి. అసిరమ్మ అరిచి అరిచి, తనే కలపడానికి పళ్ళపార అందుకుంది.

ఇది నాది, అనుకుంది నిర్మల. ఎవరికీ ఇవ్వను. మన్ను వెయ్యనివ్వనివాళ్ళకి మొహం ఎందుకివ్వాలి? పదోసారో పదిహేనోసారో చూస్తున్నప్పుడు, డాలీ నవ్వితే పైపెదవి కింద ఒక పన్ను మీద ఇంకో పన్ను ఎక్కి కనబడింది. ఆ పళ్ళు దెబోరా టీచరువి. అచ్చంగా ఆవిడవే. కన్న మనిషికి దొంగలాంటి ఆధార్ ఫొటో, తనకి ఇది. నిర్మల మనసు ఒక్కసారి మెత్తబడింది, మెత్తబడినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

సాయంత్రం సైలస్‌కి ఫోన్ చేసింది. "ఒకటుంది మాస్టారూ. ఒక్కటే."

శుక్రవారం పొద్దున్న సైలస్ రాలేదు. దెబోరా టీచరు వచ్చింది. రోడ్డు దగ్గర ఆటో దిగి, మడిచిన గొడుగు ఊతంగా పెట్టుకుని, తెల్లచీర అంచు చేత్తో పట్టుకుని ఒక్కతే ఎక్కి వచ్చింది. పైకొచ్చేసరికి ఆయాసం. అసిరమ్మ గింజలు కలుపుతూ చూసింది గాని కూర్చోమనలేదు. నిర్మలే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

"వాణ్ణి రావద్దన్నాను," అంది దెబోరా. "ముందు నేను చూడాలి."

షెడ్డులో ఊళ్ళోవాళ్ళ పళ్ళకి పల్పర్ తిరుగుతోంది, ఆ చప్పుడులో గొంతు వినబడదు. లాప్‌టాప్ బయటికి తెస్తే ఎండలో తెర కనబడదు. నిర్మల లోపల్నుంచి దుప్పటి తెచ్చి, తనమీదా ఆవిడమీదా కలిపి కప్పింది. వేరే దారి లేదు. మణికట్టు పట్టుకున్న రోజు తరవాత ఆ ఇద్దరూ అంత దగ్గరగా రావడం అదే. ఆవిడ ఒంటి దగ్గర సబ్బు వాసన, ఆయాసం తగ్గని ఊపిరి.

మొదటిసారి డాలీ మొహం తెర నిండినప్పుడు దెబోరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గొంతు వినబడినప్పుడు, "నా తల్లీ," అంది. అయిపోయాక, "మళ్ళీ వెయ్యి," అంది. రెండోసారి ఏడ్చింది. మూడోసారి ఏడవలేదు. దిద్దాల్సిన కాగితం చూస్తున్నట్టు కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది.

దుప్పటి తీసి, మడిచి నిర్మలకి ఇచ్చింది.

"అది కెమెరాని చూడ్డం లేదు," అంది.

"లేదండి."

"ఆ రోజు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

"నానే ఉన్నానండి."

దెబోరా తలూపింది. "పెళ్ళయిన కొత్తలో డాలీ నాన్న ఇలాగే చూసేవారు నన్ను. నేను బోర్డుమీద రాస్తుంటే వరండాలో నిలబడి. వెనక్కి తిరక్కుండానే తెలిసేది నాకు."

నిర్మల పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చింది. "ఇందులో ఎక్కించాను అమ్మగారూ. రేపటికి." దెబోరా దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి, మళ్ళీ నిర్మల చేతిలోనే పెట్టింది.

"ఇది చర్చిలో వెయ్యను."

నిర్మల ఏడాదిగా మింగినదంతా బయటికొచ్చింది.

"మళ్ళీ సిగ్గేనా అమ్మగారూ? ఆ రోజు మన్ను ఎయ్యనివ్వలేదు. ఊరుకున్నాను. ఆసుపత్రిలో ఏటవుతావని అడిగితే మీరే స్నేహితురాలని రాయించినారు. ఊరుకున్నాను. ఇప్పుడు నా దగ్గరున్న ఒక్కటీ తెచ్చి మీ చేతిలో పెడితే అదీ పనికిరాలేదా? మీ గుంట నవ్వుతాంది! నవ్వడం కూడా తప్పేనా?"

అసిరమ్మ పళ్ళపార ఆగింది. దెబోరా మాత్రం మొహం తిప్పుకోలేదు.

"సిగ్గు లేదనను. ఉంది," అంది మెల్లగా. "కాని దానికి కాదు. రేపు రెండొందల మంది చూస్తారు. డాలీ ఎంత చక్కగా నవ్వుతోందో అంటారు. ఎవర్ని చూసి నవ్విందో ఒక్కరూ అడగరు. నేను చెప్పాలి. చెప్పే ధైర్యం నాకు లేదు నిర్మలా. చెప్పకుండా చూపిస్తే అది అబద్ధం. ముప్పయ్యేళ్ళు పిల్లలచేత, అబద్ధమాడరాదు, అని నూరేసిసార్లు రాయించాను. ఆ నవ్వుని తీసుకెళ్ళి నేనక్కడ అబద్ధం చెయ్యలేను."

నిర్మల పెన్‌డ్రైవ్‌ని గుప్పిట్లో మూసింది.

"సైలస్ చెరిపెయ్యమన్నాడా?"

"అన్నారండి."

"చెరపకు. ఒక్కటీ చెరపకు. నాకెప్పుడైనా చూడాలనిపిస్తే వస్తాను."

గొడుగు అందుకుని లేచింది. లేస్తూ చూరుకింద ఆకులో నిన్న సాయంత్రం పెట్టిన అన్నం చూసింది. కుక్క ముట్టుకోలేదు, కాకీ ముట్టుకోలేదు. "ఇదెవరికి?"

"మీ గుంటకే," అంది అసిరమ్మ, పని ఆపకుండా.

దెబోరా ఆ ఆకు దగ్గరికి నడిచింది. అసిరమ్మ చెప్పింది, కసురుతున్నట్టే. ఏడాదై చూరుకింద ఉందనీ, లోపలికి పిలవడానికి లేదనీ. "పుట్టింటోళ్ళు ఇచ్చినామని ఒక్కమాట అనాల. ఇవ్వని పిల్లని నానెలా తెచ్చుకుంటాను? అది దొంగతనం కాదా?"

"మేం అవి నమ్మమమ్మా. డాలీ ప్రభువు దగ్గర ఉంది."

"నమ్మకండి. మీ నమ్మకంతో నాకేటి పని? నాకు మాట కావాల."

దెబోరా వెళ్ళొస్తానని కూడా అనకుండా గొడుగు పొడుచుకుంటూ దారి దిగడం మొదలెట్టింది. నిర్మల ఆవిడ వెనక వెళ్ళలేదు. వెళ్ళి ఏం చేస్తుంది? ఆవిడకి ఆవిడ దేవుడున్నాడు, ఆవిడ చర్చి ఉంది, రేపు ముందు వరసలో కూర్చోవాలి. ఇంతకన్నా ఆవిడ మాత్రం ఏమిస్తుంది? వీపు చిన్నదవుతుంటే చూస్తూ, కుర్చీ లోపల పెడదామని ఎత్తింది.

పనసచెట్టు దాటాక ఆ వీపు ఆగింది. అక్కడ ఆవిడ ఎంతసేపు నిలబడిందో, ప్రార్థనే చేసుకుందో, తనని తాను తిట్టుకుందో ఎవరికి తెలుసు. వెనక్కి తిరిగి, దిగిన దారంతా మళ్ళీ ఎక్కి వచ్చింది. టార్పాలిన్ అంచు దగ్గర ఆగి, గొడుగు కింద పడేసి, రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. బడిలో ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు నిలబడ్డట్టు నిలబడింది.

"అసిరమ్మగారూ," అంది. గొంతు సవరించుకుని, వెనక బెంచీకి కూడా వినబడే తన టీచరు గొంతుతో మళ్ళీ మొదలెట్టింది. "అసిరమ్మగారూ! నా కూతురు డాలీని మీ ఇంటికి ఇచ్చాను."

నిర్మల చేతిలో కుర్చీ జారిపోయింది. గింజల మధ్యే కూలబడింది.

అసిరమ్మ పళ్ళపార గోడకి చేరేసింది. చీరచెంగు విప్పి, దులిపి, తలమీదుగా కప్పుకుంది. కసురు మాత్రం మానలేదు.

"ఒలే నిర్మలా! ఇయ్యపురాలొచ్చి వాకిట్లో నిలబడితే అలా కూకుండిపోనావేటే? బేగి కాళ్ళకి నీళ్ళు తే!"